పికప్‌కి ఆల్ టెరెయిన్ టైర్లు: 60,000 కిలోమీటర్లు నడిచాక

ముందే చెప్పేస్తాను, తారుకీ కచ్చా దారికీ పనికొచ్చే ఈ ఆల్ టెరెయిన్ టైర్ల మీద కోపమంతా ఒక్క హోరు గురించే. కొత్తలో వచ్చే హోరు కాదు, అది అనుకున్నదానికన్నా తక్కువే. ట్రెడ్ (నేలకు ఆనే గుబ్బల పొర) మూడో వంతు అరిగాక మొదలై, అద్దాలు ఎత్తినా తగ్గకుండా, 50 నుంచి 70 వేగం మధ్య "వూం వూం" అంటూ తల తినే హోరు. కొనేటప్పుడు గుబ్బలు ఎంత మొరటుగా ఉన్నాయో చూసి మురిసిపోతాం గానీ, అవి ఎలా అరుగుతాయని ఎవరూ అడగరు.

సెట్టు సంగతి: 265/70 ఆర్17 (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు), ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ రకం, లోడ్ రేంజ్ ఈ (బరువు మోసే స్థాయి, సీ కన్నా ఈ ఎక్కువ). బండితో వచ్చినవి 265/65 ఆర్17, మామూలు రకం. 12 మిల్లీమీటర్లతో మొదలైన ట్రెడ్ ఇప్పుడు అయిదు దగ్గరుంది. పదునైన రాళ్ల దారుల్లో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఒక్కసారి కూడా చీలలేదు. పక్క చీలిన టైరుకు అతుకు పనికిరాదు, పారేయాల్సిందే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక హోరు. 22,000 కిలోమీటర్ల దగ్గర మొదలైంది. ఇంజన్ వేగంతో సంబంధం లేదు, న్యూట్రల్‌లో వదిలేసినా అదే మోత. ఎవరికైనా ముందు తట్టేది వీల్ బేరింగే, ఎందుకంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి. బేరింగ్ మార్చే ముందు చూడాల్సినవి మూడున్నాయి. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపితే బేరింగ్ మోత ఒక వైపు పెరిగి ఇంకో వైపు తగ్గుతుంది. టైరు మోత దాదాపు అలాగే ఉంటుంది, కానీ గరుకు తారు నుంచి నున్నటి తారు మీదికి వెళ్లగానే మారిపోతుంది. రెండోది, జాకీ మీద లేపి, స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చక్రం తిప్పడం. బేరింగ్ పోయి ఉంటే గరగర చేతికి తెలుస్తుంది. మూడోది అన్నిటికన్నా తేలిక, ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ వేసి చూడటం. మోత కూడా వెనక్కి వెళ్తే బేరింగ్‌ది తప్పు కాదు.

ఇక్కడ మోత వెనక్కే వెళ్లింది. ట్రెడ్ మీద చుట్టూ ఒక దిక్కుగా అరచెయ్యి రాస్తే నున్నగా, తిరగేసి రాస్తే రంపపు పళ్లలా తగిలింది. ముందు టైర్ల అంచు గుబ్బల్లో మరీ ఎక్కువ. (చుట్టూ కాకుండా అడ్డంగా రాసినప్పుడు గరుకు తగిలితే అది వేరే జబ్బు, అలైన్‌మెంట్‌లో టో తేడా, అంటే చక్రాలు తిన్నగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండటం.)

ఎందుకిలా అంటే, ఈ రకం టైర్లో అంచు గుబ్బలు ఎత్తుగా ఉంటాయి, మధ్య గాడులు వెడల్పు, ఒకదానికొకటి ఆసరా ఉండదు. బ్రేకు పడ్డప్పుడల్లా గుబ్బ వంగుతుంది. నేలను విడిచే క్షణంలో వంగిన రబ్బరు చటుక్కున జారి గీరుకుంటుంది, దాంతో ఒక అంచే అరుగుతూ పోతుంది. టూ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలకు ఇంజన్ లాగుడు ఉండదు, బ్రేకూ మలుపులూ మాత్రమే, అందుకే జబ్బు అక్కడ ముదురుతుంది. చక్రం తిరిగే దిక్కు మార్చకుండా వదిలేస్తే పళ్లు పదునెక్కుతూనే ఉంటాయి. తప్పు టైరుది ఎంతో, 15,000 దాటినా చక్రాల చోట్లు మార్చకపోవడంది అంతకన్నా ఎక్కువ. ఇది ఒప్పుకోక తప్పదు.

అప్పటి నుంచి ప్రతి 8,000కు చోట్ల మార్పు, అయిదు చక్రాలతో. స్టెప్నీ కుడి వెనక్కి, కుడి వెనకది కుడి ముందుకి, కుడి ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనకది ఎడమ ముందుకి, ఎడమ ముందుది స్టెప్నీ చోటుకి. వైపు మారినప్పుడే తిరిగే దిక్కూ మారుతుంది. సైడ్‌వాల్ మీద బాణం గుర్తున్న టైర్లకు ఈ అడ్డం మార్పు కుదరదు, అందుకే అలాంటివి కొనకపోవడమే మేలు. ఇంకో 80, 100 కిలోమీటర్లు నడిచాక వీల్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. హోరు చాలావరకు తగ్గడానికి రెండు మార్పులు పట్టింది. పూర్తిగా మాత్రం పోలేదు.

గాలి విషయంలోనూ ఒక దెబ్బ తగిలింది. డోర్ స్టిక్కర్ మీది అంకె బండితో వచ్చిన రకానికి. అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. అలాగని సైడ్‌వాల్ మీద రాసిన 80 పీఎస్ఐ దగ్గరికి వెళ్తే ఖాళీ బండి వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, ట్రెడ్ నడుమ భాగమే అరుగుతుంది. ముందు తయారీదారు లోడ్ పట్టికలో మీ ఇరుసు బరువుకు కావలసిన కనీస గాలి చూసుకోండి. ఆపైన సుద్దముక్క పని చేస్తుంది. ట్రెడ్‌కు అడ్డంగా మందంగా గీత గీసి, తిన్నగా ఓ వంద అడుగులు నడపండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులు మాత్రమే చెరిగితే తక్కువ. బరువు వేసినప్పుడు వెనక వేరే అంకె కావాలి, అది మళ్లీ పట్టికలో చూడాలి.

పైన సైడ్‌వాల్‌ని మెచ్చుకున్నానుగా, దానికో మెలిక ఉంది. అంత గట్టి పక్కలు ఇసుకలో తేలిగ్గా లొంగవు. 20కి దించినా పొట్ట పెద్దగా ఉబ్బదు, నేలకు ఆనే భాగం అనుకున్నంత సాగదు, ఇంకా దించాల్సి వస్తుంది. తారు ఎక్కే ముందు మళ్లీ నింపకపోతే వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. ఒక్కో టైరు పాతదానికన్నా నాలుగైదు కిలోల బరువు కూడా, గుంతల్లో అది తెలుస్తుంది.

మైలేజీ పడిపోయిందని తిట్టుకునే ముందు ఒక లెక్క. పాత సైజు ఎత్తు 776 మిల్లీమీటర్లు, కొత్తది 803. అంటే మీటరు 1000 కిలోమీటర్లు చూపిస్తే నిజంగా నడిచింది సుమారు 1034. పడిపోయినట్టు కనిపించిన దాంట్లో కొంత ఉత్త మీటరు మాయే. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకుంటుందేమో, స్టెప్నీ తన చోట పడుతుందో లేదో మాత్రం బిగించే రోజే చూసుకోండి.

తడి రోడ్డు మీద పట్టు కొత్తలో బాగుండేది, ఇప్పుడు అంత ధైర్యం లేదు. గుబ్బల మీది సన్నని చీలికలు సగం లోతుకే ఉండి, ట్రెడ్‌తో పాటే అరిగి మాయమయ్యాయి. కొనేముందు అవి గాడి అడుగుదాకా ఉన్నాయో లేదో చూడాలి. సైడ్‌వాల్ మీది మూడు శిఖరాల మంచు గుర్తు చూసి నమ్మేయొద్దు. ఆ పరీక్ష కొత్త టైరుతో మంచు మీద లాగుడును కొలుస్తుంది, తడి తారు సంగతి దానికి పట్టదు.

మళ్లీ ఇదే సెట్టు కొంటానా? బండి ఎప్పుడూ నిండు బరువుతో రాళ్ల దారిలో తిరిగేదైతే కొంటాను. ఇది చాలా రోజులు ఖాళీగా తారు మీదే పరిగెత్తుతుంది కాబట్టి, ఈసారి అదే సైజులో లోడ్ రేంజ్ సీ, అంచు గుబ్బలు ఒకదానికొకటి రబ్బరు వంతెనలతో కలిసి ఉన్న రకం చూస్తున్నాను. ఇరుసు బరువుకు అది సరిపోతుందని తేలాకే.