జూక్‌బాక్స్ హమ్‌కు ఏది మేలు: విడి కెపాసిటర్లా, కొత్త క్యానా, పాత క్యాన్‌లోనే కొత్తవా?

న్యూజెర్సీలో మా గరాజ్‌లో ఉన్న 1952 నాటి సీబర్గ్ ఎం100సి, అంటే నాణెం వేస్తే రికార్డు పాడే జూక్‌బాక్స్, ఈ మధ్యే మళ్లీ శుభ్రంగా పాడుతోంది. అది విన్న మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: "పాట వెనకాల గుయ్‌మనే ఆ రొద ఎలా పోయింది? విడి కెపాసిటర్లు వేశావా, క్యాన్ మార్చావా?" కరెంటులోని ఎగుడుదిగుళ్లను చదును చేసే కెపాసిటర్లు ఇలాంటి పాత యాంప్లిఫయర్లలో కొన్ని కలిపి ఒకే లోహపు డబ్బాలో ఉంటాయి, ఆ డబ్బానే క్యాన్. మొదట విడివి వేశాను. ఇప్పుడున్నవి మాత్రం పాత క్యాన్ లోపల ఉన్నాయి.

అసలు తప్పు కెపాసిటర్లదేనా అన్నది ముందు తేల్చుకోండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ తగ్గకపోతే అనుమానం పవర్ సప్లై మీదకే పోవాలి. వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే టోన్ ఆర్మ్ (సూది ఉండే చేయి) నుంచి వచ్చే ప్లగ్ పీకి, ఆ జాక్‌ను షార్ట్ చేసి, అంటే దాని రెండు కొనలను వైరుతో కలిపి చూడండి. ఆగిపోయిందంటే కేబుల్ షీల్డ్ (వైరు చుట్టూ ఉండే లోహపు తొడుగు) తెగి ఉండవచ్చు. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఫిల్టర్ (అంటే ఈ కెపాసిటర్లు) పాడైతే 120, షీల్డ్ తెగితే మామూలుగా 60 వినిపిస్తాయి. ఇండియాలో అయితే 100, 50. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెడితే తేడా కనిపిస్తుంది.

విడి కెపాసిటర్లు చవక. బొటనవేలంత ఉంటాయి, చాసిస్ (యాంప్లిఫయర్ భాగాలు బిగించిన లోహపు పెట్టె) కింద ఇట్టే ఇమిడిపోతాయి. పాత క్యాన్ నుంచి వైర్లు తీసేసి దాన్ని అలంకారంగా వదిలేయవచ్చు. చాలామంది చేసేది ఇదే. తీయకుండా పక్కన కలిపేస్తే లీకయ్యే పాతది లీకవుతూనే ఉంటుంది.

నా దృష్టిలో అసలు తేల్చేది ఎర్త్, అంటే నెగటివ్ కాలు చాసిస్‌కు ఎక్కడ కలుస్తుందన్నది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ సెకనుకు 120 సార్లు కుదుపులుగా చార్జ్ అవుతుంది. ఆ కరెంటు దాని నెగటివ్ కాలు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లాలి. నేను ఆ కాలును దగ్గర్లో కనిపించిన ట్యాగ్‌కు (వైర్లు అతికించే చిన్న లోహపు ముక్క) సోల్డర్ చేశాను. మొదటి వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) కాథోడ్ రెసిస్టర్ కూడా ఆ ట్యాగ్‌కే ఉంది, దాంతో ఆ కుదుపులు పాటలో కలిశాయి. హమ్ సగం తగ్గింది, దాని చోట జర్‌ర్‌మని గరుకుగా ఒక చప్పుడు వచ్చింది. మూడు సాయంత్రాలు వాల్వులు మార్చి చూశాను. చివరికి ఆ కాలు కత్తిరించి, పాత క్యాన్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే మెలితిప్పిన రేకు దగ్గరికి మార్చాను. టక్కున ఆగిపోయింది. రికార్డు మొదట్లో సూది రాసుకునే సన్నని శబ్దం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

అందుకే తర్వాత క్యాన్‌ను అడుగు నుంచి అంగుళం పైన ట్యూబ్ కట్టర్‌తో కోసి, లోపలి జిగురు గుజ్జంతా తీసేశాను. అడుగు బిళ్లకు చిన్న రంధ్రాలు చేసి, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే కెపాసిటర్లు నిలబెట్టి కాళ్లు కిందికి దింపాను. నెగటివ్‌లన్నీ ఆ రేకుకే. వైర్లు ఫ్యాక్టరీలో ఉంచిన చోటే ఉన్నాయి, కింద రెసిస్టర్ల వేడి కూడా వీటికి తగలదు. ఒక ఆదివారం మొత్తం పట్టింది. అయినా మళ్లీ చేయాల్సొస్తే ఇలాగే చేస్తాను.

అంత ఓపిక లేకపోతే కొత్త క్యాన్ కొనండి. హమ్ విషయంలో ఏ తేడా ఉండదు. కాళ్ల పక్కన చతురస్రం, త్రికోణం, అర్ధచంద్రం గుర్తులుంటాయి, ఏది ఎంత మైక్రోఫారడ్ (కెపాసిటర్ విలువకు కొలత) అన్నది తీసే ముందే రాసుకోండి. క్యాన్‌లో రెక్టిఫైయర్ తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ విలువ బాగా పెంచితే రెక్టిఫైయర్ వాల్వు మీద భారం పడుతుంది. కొన్ని యాంప్లిఫయర్లలో క్యాన్‌కు, చాసిస్‌కు మధ్య కరెంటు దాటనివ్వని ఫైబర్ బిళ్ల ఉంటుంది. అక్కడ కొత్తదాని ఒళ్లు చాసిస్‌కు తగలకూడదు.

యాంప్లిఫయర్ తీసేసి ట్రాన్సిస్టర్‌ది పెట్టడమా? హమ్ పోతుంది, ఆ గొంతూ పోతుంది. నేను చేయను.

ఏది ఎంచుకున్నా, ప్లగ్ తీశాక కూడా లోపల 400 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు దాదాపు సున్నా చూపించాకే చేయి పెట్టండి.