సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లూ, వీపు వైపు జిప్పు ఉన్న బ్యాగు కొనకండి

అసలు విషయం ముందే చెప్పేస్తాను. "యాంటీ థెఫ్ట్, వాటర్‌ప్రూఫ్" అని రాసి, పెద్ద జిప్పు వీపు వైపు పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాగులు ఆన్‌లైన్‌లో బోలెడు అమ్ముతున్నారు. మెట్రోలో వెళ్లేవాళ్లకు పనికొస్తాయేమో కానీ, సైకిల్ తొక్కేవాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. ఒక్క వానకే నా ల్యాప్‌టాప్ పాడైంది. ఆ తర్వాత పట్టీ ఊడి రోడ్డు మీద పడబోయాను.

మియాపూర్ నుంచి గచ్చిబౌలికి, హఫీజ్‌పేట, కొండాపూర్ మీదుగా సుమారు 11 కిలోమీటర్లు రోజూ సైకిల్ మీదే వెళ్తాను. పాత బ్యాగు జిప్పు పోవడంతో జూన్‌లో 2,199 రూపాయలు పెట్టి ఇది తెప్పించాను. అమ్మేవాళ్ల పేజీలో బ్యాగు మీద బకెట్‌తో నీళ్లు గుమ్మరిస్తున్న ఫోటో ఉంది. రేటింగ్ 4.3. అది చూసి నమ్మేశాను. ఆ రివ్యూలు రాసినవాళ్లలో ఒక్కరైనా సైకిల్ తొక్కేవాళ్లు ఉన్నారా, వానలో వాడి చూశారా అని వెతకలేదు.

మొదటి రోజే ఒక ఇబ్బంది తెలిసింది. బ్యాగు పైభాగం గట్టి అట్టలా ఉండి మెడ దాకా వస్తుంది. ముందుకు వంగి తొక్కుతున్నప్పుడు తలెత్తితే హెల్మెట్ వెనక అంచు దానికి తగులుతోంది. వెనక బస్సు వస్తోందా అని తల తిప్పి చూడటం కూడా కష్టమైంది. అప్పుడే వాపసు పంపాల్సింది. నాలుగు రోజులు పోతే అలవాటవుతుందిలే అనుకున్నాను.

జూలైలో ఒక సాయంత్రం, కొండాపూర్ దాటాక వాన పట్టుకుంది. బ్యాగుకు రెయిన్ కవర్ తొడిగే ఉంది, ఆగకుండా ఇంటికి వచ్చేశాను. చూస్తే బయటి జేబు పొడిగా ఉంది, టిఫిన్ బాక్సు పెట్టే అర కూడా పొడిగానే ఉంది. హమ్మయ్య అనుకుంటూ ల్యాప్‌టాప్ అర తెరిస్తే, అడుగున స్పాంజి నొక్కగానే వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి. ల్యాప్‌టాప్‌ను పక్కకు వంచితే చార్జింగ్ పెట్టే చోటు నుంచి బొట్లు పడ్డాయి. అది ఆఫీసువాళ్లది. పొద్దున్నే మేనేజర్‌కు ఏం చెప్పాలా అన్న టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. రిపేరుకు అయిన 14,500 నేనే కట్టుకున్నాను.

నీళ్లు ఎటు నుంచి వచ్చాయో ఆ బ్యాగును ముందేసుకుని కూర్చుని చూస్తే అర్థమైంది. రెయిన్ కవర్ బ్యాగు బయటి వైపునే కప్పుతుంది. వీపుకు ఆనే వైపు ఖాళీగానే ఉంటుంది. సైకిల్ మీద వంగి కూర్చున్నప్పుడు వాన మన మెడ మీద, భుజాల మీద పడి వీపు మీదుగా కిందికి జారుతుంది. ఆ దారిలోనే ఈ బ్యాగు జిప్పు ఉంది. జిప్పు వెనకే ల్యాప్‌టాప్ అర. దొంగ చెయ్యి పెట్టకుండా చేసిన ఏర్పాటే నీళ్లకు దారి అయింది. వాన లేని రోజుల్లో కూడా ఆ జిప్పు పొడుగునా చెమట తడి ఉండేది, నేనే పట్టించుకోలేదు.

ఆ తర్వాత దాన్ని బట్టలకు, టిఫిన్‌కు మాత్రమే వాడాను. పది రోజులకు హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఎడమ పట్టీ ఊడింది. బరువంతా ఒక్కసారిగా కుడి పక్కకు వాలి హ్యాండిల్ మెలి తిరిగింది. కాలు ఆనించి ఆపుకోగలిగాను. వెనక వస్తున్న ఆటో ఆయన బ్రేక్ కొట్టకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

కూకట్‌పల్లిలో బ్యాగులు కుట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లోపలి గుడ్డ విప్పి చూపించారు. "చూడమ్మా, పట్టీ లోపలికి అరంగుళం కూడా పోలేదు. ఒకే వరస కుట్టు. ఇది ఎన్నాళ్లు ఆగుతుంది?" అన్నారు. పట్టీ కలిసే చోట చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ మార్కు వేసిన కుట్టు ఉండాలట. గుడ్డ లోపలి పూతను గోటితో గీకితే బూడిద రంగు పొట్టులా రాలింది. ఆయన చెప్పిన ఇంకో మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. గుడ్డ నీళ్లు ఆపినా, సూది దిగిన ప్రతి కన్నం నుంచీ నీళ్లు దిగుతాయి. కుట్ల మీద లోపలి వైపు టేపు అంటించకపోతే అది వాటర్‌ప్రూఫ్ బ్యాగు కానే కాదు.

డబ్బు వెనక్కి అడిగితే ఏడు రోజుల గడువు దాటిందన్నారు. వాటర్‌ప్రూఫ్ అంటే చిన్న తుంపరలకు మాత్రమే అని కూడా జవాబిచ్చారు. అదృష్టం కొద్దీ కొన్న రోజే ఆ బకెట్ ఫోటో స్క్రీన్‌షాట్ తీసి మా చెల్లికి పంపాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన గుణం వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు వాపసు తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ సంగతి రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. మూడు వారాలకు 2,199 వచ్చాయి. ల్యాప్‌టాప్ ఖర్చు మాత్రం రాలేదు.

కొనేవాళ్లు ఒక పరీక్ష చేసుకోండి. బ్యాగు రాగానే ల్యాప్‌టాప్ అరలో పాత న్యూస్‌పేపర్ పెట్టి, రోజూ మోసేంత బరువు వేసి, హెల్మెట్‌తో సహా తగిలించుకుని, షవర్ కింద సైకిల్ మీద ఉన్నట్టు వంగి పది నిమిషాలు నిలబడండి. వాటర్‌ప్రూఫ్ అని వాళ్లే రాశారు కాబట్టి సంకోచం అక్కర్లేదు. ఎవరితోనైనా వీడియో తీయించండి. పేపరు తడిస్తే గడువులోపే వాపసు పంపేయండి. ఛాతీ పట్టీ, నడుం పట్టీ రెండూ లేని బ్యాగు మాత్రం ఎంత చవకైనా వద్దు. గుంతలో చక్రం దిగినప్పుడల్లా అది పక్కకు ఊగుతుంది.

బరువు సంగతి కూడా చూసుకోండి. నా బ్యాగును కిరాణా కొట్టు కాటా మీద పెడితే దాదాపు ఏడు కిలోలు తూగింది. అందులో లీటరు నీళ్ల సీసా, సైకిల్ తాళం, బూట్లు వీపు మీద ఉండాల్సిన పనే లేదు. ఇప్పుడు సైకిల్‌కు వెనక క్యారియర్ బిగించి, పక్కకు తగిలించే సంచిలో అవన్నీ వేస్తున్నాను. వీపు మీద ల్యాప్‌టాప్ ఒక్కటే, అదీ మందమైన ప్లాస్టిక్ కవర్లో చుట్టి.

నాకు డబ్బు ఇచ్చేశాక ఆ పేజీ తీసేశారు. పోయిన వారం చూస్తే అదే బ్యాగు వేరే పేరుతో, అదే బకెట్ ఫోటోతో 1,799కి మళ్లీ కనిపించింది. ముదురు బూడిద రంగు, గట్టి అట్టలాంటి పైభాగం, పక్కన యూఎస్‌బీ కన్నం, వీపు వైపు జిప్పు. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు ఉంటే ఈ రోజే రద్దు చేసుకోండి.