పులిహోరా, ఇడ్లీయా, పులగమా: పాలు, పల్లీలు, గుడ్డు పడని పిల్లల క్యారేజీకి ఏది మేలు?

మా చిన్నవాడికి పాలు, పల్లీలు, గుడ్డు పడవు. పడవు అంటే అరగవని కాదు, ఎలర్జీ అని. ఆ పదార్థాల్లోని మాంసకృత్తులు ఒంట్లోకి వెళ్లగానే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు మొదలవుతాయి. కొందరు పిల్లలకు ఊపిరాడని పరిస్థితి కూడా వస్తుంది. లాక్టోజ్ తీసేసిన పాలు పోయవచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు గానీ, ఆ పాలలో పోయేది చక్కెర మాత్రమే, మాంసకృత్తులు అలాగే ఉంటాయి. ఈ మూడూ తగలకుండా, పది రూపాయల ఖర్చులో, ఉదయం ఏడున్నరకు కడితే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా పాడవకుండా, సాయంత్రం బడి వదిలేదాకా ఆకలి కాకుండా ఉండే క్యారేజీ ఏదని వెతికితే, మా ఇంట్లో చివరికి నిలిచినవి మూడు: చింతపండు పులిహోర, ఇడ్లీ, పెసరపప్పు పులగం.

ఖర్చు సంగతి ముందే తేల్చేయవచ్చు. కిలో బియ్యం 55 రూపాయలు, పెసరపప్పు, మినప్పప్పు 120 నుంచి 130 రూపాయలు అనుకుంటే, ఒక్క క్యారేజీకి పట్టే దినుసులు, నూనె, పోపు అన్నీ కలిపినా ఈ మూడింటిలో ఏదైనా పది రూపాయల అటూ ఇటూలోనే వస్తుంది. కాబట్టి మేలు ఏదో తేల్చేది ధర కాదు. కడుపు నింపే గుణం ఒకటి, పడని వస్తువు దొంగచాటుగా దూరే దారులు ఎన్ని అన్నది రెండోది.

కడుపు నిండటానికి కొలమానంగా నేను ప్రభుత్వ మధ్యాహ్న భోజన పథకం లెక్కనే తీసుకున్నాను. ప్రాథమిక పాఠశాల పిల్లలకు పూటకు 450 కిలోక్యాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని, అందుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలని ఆ పథకం నిర్దేశిస్తుంది.

పులిహోరకు ఉన్న పెద్ద బలం నిలవ. చింతపండు పులుపు వల్ల అన్నంలో సూక్ష్మజీవులు అంత సులువుగా పెరగవు కనుక, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యే ఎండల్లో కూడా అది వాసన రాదు. చల్లారినా రుచి తగ్గదు, చెంచా లేకుండా తినవచ్చు, పిల్లలు మారాం చేయరు. 100 గ్రాముల బియ్యం, రెండు చెంచాల నూనెతో చేస్తే శక్తి 440 కిలోక్యాలరీల దాకా వస్తుంది గానీ, మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. పోపులో శనగపప్పు, మినప్పప్పు ఎక్కువ వేస్తే మరో రెండు మూడు గ్రాములు కలుస్తాయి, అంతే. అసలు చిక్కు పల్లీలు. పల్లీలు లేని పులిహోర పులిహోరే కాదని మా ఇంట్లో పెద్దవాళ్ల నమ్మకం. ఒకసారి బంధువుల ఇంట్లో కలిపిన పులిహోరలోంచి మా పిన్ని ఓపికగా ఒక్కొక్క పల్లీ ఏరి, పళ్లెం అంచున పోగు పెట్టి, మిగిలిన అన్నం వాడి ముందు పెట్టబోయింది. ఆమె ప్రేమకు లోటు లేదు. అయితే ఆ పల్లీలు వేగిన నూనె మెతుకు మెతుకుకూ పట్టి ఉంది; గింజ తీసినంత మాత్రాన దాని మాంసకృత్తులు పోవు. నూనె విషయంలో ఇంకొక మెలిక ఉంది. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తులు దాదాపుగా మిగలవు, కానీ ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు ఇంటింటికీ వస్తున్న గానుగ నూనెలో మిగులుతాయి. మేము ఆ తర్కంలోకే పోకుండా పొద్దుతిరుగుడు నూనెకు మారిపోయాము.

ఇడ్లీ చూడటానికి అన్నిటికన్నా నిరపాయమైనది. బియ్యపు రవ్వ, మినప్పప్పు, ఉప్పు తప్ప అందులో ఏమీ లేదు. పులియడం వల్ల తేలికగా అరుగుతుంది. అయితే నాలుగు ఇడ్లీల్లో రవ్వా పప్పూ కలిపి పొడిగా తూస్తే సుమారు 70 గ్రాములే ఉంటాయి. మిగిలిన బరువంతా నీరే. మాంసకృత్తులు పులిహోర కంటే కాస్త మెరుగే అయినా శక్తి 250 కిలోక్యాలరీల దగ్గరే ఆగుతుంది. మధ్యాహ్నం అది తిన్న పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి నీరసంగా ఉంటాడు. అంతకన్నా పెద్ద లోపం ఇడ్లీ ఒంటరిగా వెళ్లదు. పల్లీ చట్నీ మన రెండు రాష్ట్రాల్లోనూ ఇడ్లీకి జంటగా స్థిరపడిపోయింది. దాని బదులు కారప్పొడి పెడదామంటే అందులో నువ్వులు, కొన్ని ఇళ్లలో పల్లీలు కూడా ఉంటాయి. పొడి మీద వేసేది నెయ్యి, అంటే పాల మాంసకృత్తులు ఎంతో కొంత ఉన్న పదార్థం. పుట్నాల చట్నీ చేయవచ్చు గానీ, అదీ మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పైగా శనగలు కూడా పడని పిల్లలు మన దేశంలో ఉన్నారు కనుక, మొదటిసారి పెట్టేది ఇంట్లో కళ్ల ముందే పెట్టాలి.

పులగం సంగతి వేరు. 75 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పెసరపప్పు, చెంచాడు నూనె, జీలకర్ర, అల్లం, కరివేపాకు, తరిగిన క్యారెట్ లేదా సొరకాయ వేసి కుక్కరులో మూడు కూతలు రానిస్తే, 390 కిలోక్యాలరీల శక్తి, 11 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. శక్తిలో కొరత ఉన్నది ఒక అరటిపండుతో తీరిపోతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఎక్కువ, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఎక్కువ కనుక, రెండూ కలిసినప్పుడు మాంసకృత్తుల నాణ్యత కూడా పెరుగుతుంది. గుడ్డూ పాలూ మానేసిన పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. రాయలసీమలో పులగానికి తోడు పల్లీల పచ్చడే కదా అని అడగవచ్చు. నిజమే, కానీ పులగం ఆ పచ్చడి లేకపోయినా తినగలిగే వంట, కొంచెం నిమ్మకాయ ఊరగాయ చాలు. దీని లోపాలు రెండు. చల్లారితే గట్టిపడి ముద్దవుతుంది; అందుకని మామూలు కంటే అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి, వేడివేడిగా మూతబిగుతు డబ్బాలో కట్టాలి. పులుపు లేదు కనుక ఎండాకాలంలో నిలవ ఉండదు.

పల్లీలు కాక గోధుమ పడని పిల్లలకైతే బొంబాయి రవ్వ ఉప్మా, చపాతీ ఎటూ పనికిరావు. బియ్యపు రవ్వతో చేసే ఉప్పుడు పిండి మంచి ప్రత్యామ్నాయం. వాళ్ల తల్లిదండ్రులు చాలామంది మరచిపోయేది ఇంగువ. బజారులో దొరికే కలిపిన ఇంగువలో గోధుమపిండో మైదానో ఉండటం మామూలే, డబ్బా మీద చదువుకోవాలి. ఆ చదవడంలోనూ ఒక తేడా ఉంది: మన దేశంలో 2020 నాటి లేబుల్ నిబంధనలు ప్రత్యేకంగా ప్రకటించమన్న జాబితాలో గ్లూటెన్ ఉన్న గోధుమ వంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉన్నాయి, నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులనూ అలాంటి జాబితాలో చేర్చారు కనుక అక్కడి లేబుల్ మీద వాటి పేరు ప్రత్యేకంగా ఉంటుంది; ఇక్కడ నువ్వులు పడని పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ప్రభుత్వ బడిలో భోజనం తినే పిల్లలకు అన్నం, పప్పు, సాంబారు చాలావరకు ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది గుడ్డుతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే పల్లీ చిక్కీతోనూ. అవి వద్దని వంట చేసే అమ్మకు, క్లాసు టీచరుకు కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. చిక్కీ తిన్న స్నేహితుల చేతులకు శానిటైజర్ సరిపోదు, సబ్బూ నీళ్లూ కావాలి.

మా ఇంట్లో ఇప్పుడు జూన్ నుంచి ఫిబ్రవరి దాకా వారానికి మూడు రోజులు పులగం, రెండు రోజులు పల్లీలు లేని పులిహోర. మార్చి వచ్చాక పులిహోరదే పైచేయి. ఇడ్లీ ఆదివారం పొద్దున ఇంట్లో తింటాము. పోపుల పెట్టెలో పల్లీల గిన్నె ఉండేచోట ఇప్పుడు ఎండు కరివేపాకు ఉంటుంది. ఎందుకంటే ఆ చిన్న గిన్నెలోంచి ఆవాల గిన్నెలోకి రాలిపడ్డ పల్లీ పొట్టే ఒకసారి మమ్మల్ని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తించింది.