బోరు స్టార్టర్లకు పింగాణీ బోర్డు: ఒక వానాకాలం వాడి చూశాక

అనంతపురంలో బోరు మోటార్ల స్టార్టర్లు రిపేరు చేస్తాను. మాది వానలు తక్కువ పడే సీమే అయినా, నా దగ్గరికి వచ్చే సర్క్యూట్ బోర్డుల్లో చాలావరకు చెమ్మకు పోయినవే. చేను గట్టున ఇనుప డబ్బా పగలంతా కాగుతుంది, తెల్లారేసరికి లోపల చెమరుస్తుంది. మామూలు పచ్చ బోర్డు ఆ చెమ్మను కొద్దికొద్దిగా పీలుస్తుంది. బోర్డు మీది కరెంటు గీతల మధ్య లీకేజీ మొదలైతే, అది నీళ్ల గుండా వచ్చే కరెంటే అనుకుని, బోరులో నీళ్లు అయిపోయినా ఇంకా ఉన్నాయనే చూపిస్తుంది. మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుంది. ఆ నష్టం రైతుది.

అందుకే నీటిమట్టం కనిపెట్టే భాగం వరకు ఎల్‌టీసీసీ అనే, తక్కువ వేడికే కాల్చే పింగాణీ పలకల మీద చేయించి పది ముక్కలు తెప్పించాను. గాజుపొడి, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ పొడి) కలిపిన పల్చటి పొరల మీద వెండి గీతలు అచ్చువేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, 850 డిగ్రీల దగ్గర ఒకేసారి కాలుస్తారు. ఉత్త అల్యూమినాకు 1600 డిగ్రీల దాకా కావాలి, 961కే కరిగే వెండి అందులో నిలవదు. ఇక్కడ గాజు కరిగి సందులు పూడ్చేస్తుంది. మట్టికుండ చెమరుస్తుంది, ఊరగాయ జాడీ చెమర్చదు. అదే తేడా.

పచ్చ ముక్కనూ దీన్నీ ఇడ్లీ ప్లేటులో పక్కపక్కన పెట్టి రెండు గంటలు ఆవిరి పట్టించాను. తుడిచి, లీకేజీ ఎంతుందో చూపే 500 వోల్టుల మెగ్గర్ మీటరు పెడితే పచ్చదానికి ముల్లు బాగా కిందికి దిగింది. పింగాణీకి చివరి గీత దగ్గరే నిలబడింది.

సోల్డరింగ్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. మామూలు 60-40 (తగరం-సీసం) సోల్డర్ తీగతో ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనించానో లేదో, వెండి ప్యాడ్ అంచుల నుంచి కరిగిపోయి కింద లేతనీలం పలక బయటపడింది. కరిగిన తగరం వెండిని తినేస్తుంది. రెండు ముక్కలు అలాగే పోయాయి. రెండు శాతం వెండి కలిసిన తీగ తెచ్చి, రెండు మూడు సెకన్లలో ముగిస్తే ప్యాడ్ నిలిచింది. ఈ ఒక్క మాట అమ్మినవాళ్లు కాగితం మీద రాసి ఉండాల్సింది. ఇంకో ముక్క స్క్రూ బిగిస్తుంటే పగిలింది, రబ్బరు వాషరు తప్పనిసరి.

పలక నీళ్లు పీల్చదు గానీ పైన తడి నిలిస్తే ప్రమాదమే. తడికి డీసీ వోల్టేజీ తోడైతే వెండి ఒక గీత నుంచి ఇంకో గీతకు పాకుతుంది. గీతల మీద గాజు పూత ఉంది, ప్యాడ్ల మధ్య లేదు. అక్కడ సిలికాన్ పూశాను.

మిగిలిన ఏడూ చేలల్లో ఉన్నాయి. జోరువానలు పడ్డ వారంలో కళ్యాణదుర్గం వైపు శెనక్కాయ రైతు ఫోన్ చేశాడు: “అన్నా, నీళ్లు తగ్గంగానే మోటారు దానంతటదే ఆగింది.” పచ్చ బోర్డు కంటే ధర ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి బోర్డు మొత్తానికి వద్దు, ఈ భాగానికి చాలు. ఇంకో ఇరవై చెప్పాను, ఈసారి ప్యాడ్లు తగరం అంత తేలిగ్గా తినలేని వెండి-పల్లాడియం మిశ్రలోహంతో.