పోయేటప్పుడు నాలుగున్నర గంటలు, వచ్చేటప్పుడు గంట: విద్యుత్ కారులో అరకు ప్రయాణం

మే మొదటి వారంలో మేము నలుగురం హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా అరకు వరకు విద్యుత్ కారులో వెళ్లి, అదే దారిలో తిరిగి వచ్చాము. పోయేటప్పుడు చార్జింగ్ కోసమే రోడ్డు మీద నాలుగున్నర గంటలు గడిచాయి. వచ్చేటప్పుడు అదే పని గంటా ఐదు నిమిషాలలో ముగిసింది. కారు మారలేదు, ఎండ తగ్గలేదు, దారిలో కొత్త యంత్రాలేవీ వెలియలేదు. మారినదల్లా ఎక్కడ ఆగాము, బ్యాటరీ ఎంత శాతం దగ్గర ఆగాము, రాత్రి ఎక్కడ పడుకున్నాము అన్నవే. ఆ తేడాను లెక్కలతో సహా రాస్తే ఈ దారిన వెళ్లేవారికి పనికి వస్తుందనిపించింది.

ముందు కారు సంగతి చెప్పాలి. మాది 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న దేశీయ కారు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఆగకుండా నడిచే ఏసీతో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వెళ్తే యూనిట్‌కు దాదాపు 6 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే నిండు చార్జింగ్‌తో 240 కిలోమీటర్లు. మా ఇంటి నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు కాబట్టి మధ్యలో ఒకచోట ఆగక తప్పదు.

మొదటి తప్పు సూర్యాపేటలోనే చేశాము. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరి, రోడ్డు పక్క హోటల్ ఆవరణలోని చార్జింగ్ కేంద్రం కనబడగానే ఆగాము. అప్పటికి బ్యాటరీలో 46 శాతం ఉంది. యంత్రం మీద 60 కిలోవాట్లని, అంటే గంటకు 60 యూనిట్లు ఇవ్వగలదని, రాసి ఉంది గాని, దానికున్న రెండో గన్‌ను (కారుకు తగిలించే పిడిని) అప్పటికే మరో కారుకు తగిలించి ఉండటంతో మాకు సగమే అందింది. 80 శాతానికి చేరడానికి అరగంట పట్టింది. అక్కడితో తీసేసి ఉంటే సరిపోయేది. కానీ "నిండుగా ఉంటే నిశ్చింత కదా" అని ఇంట్లోవాళ్లు అనడం, నేను తలూపడం జరిగిపోయాయి. మిగిలిన 20 శాతానికి మరో 50 నిమిషాలు పట్టాయి. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. ఆ 50 నిమిషాల ఫలితమేమిటంటే, విజయవాడకు 22 శాతంతో చేరవలసిన కారు 42 శాతంతో చేరింది.

చివరి శాతాలు అంత నెమ్మదిగా ఎందుకు ఎక్కుతాయో కొంచెం చెప్పుకోవాలి. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్తును ధారాళంగా తీసుకుంటుంది. నిండుతున్నకొద్దీ దాని వోల్టేజీ గరిష్ఠ హద్దుకు చేరుతుంది. ఆ హద్దు దాటితే సెల్స్ దెబ్బతింటాయి కాబట్టి కారులోని నియంత్రణ వ్యవస్థ కరెంటును క్రమంగా తగ్గిస్తూ పోతుంది. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కేవాళ్లు నిమిషంలో ఎక్కేస్తారు గాని, నిండిపోయాక ఒక్కొక్కరికీ చోటు వెతకవలసి వస్తుంది, ఇదీ అటువంటిదే. మా కారుకు 15 నుంచి 75 శాతం వరకు వేగం బాగుంటుంది, 80 దాటితే సగానికి పడిపోతుంది, 90 దాటాక ఇక చెప్పనక్కరలేదు. అందుకే ఒకచోట ఆగి నిండా ఎక్కించుకోవడం కంటే, రెండుచోట్ల తక్కువలో ఆగి సగం సగం ఎక్కించుకోవడం వల్ల సమయం కలిసి వస్తుంది. ఇంట్లో రాత్రంతా ప్లగ్‌కు తగిలించే చార్జింగ్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ కరెంటు వచ్చేదే సన్నని ధారగా కనుక చివరిదాకా దాదాపు ఒకే తీరుగా ఎక్కుతుంది.

విజయవాడలో బస మమ్మల్ని నిరాశపరిచింది. బుకింగ్ సైటులో ఆ హోటల్ సౌకర్యాల వరసలో విద్యుత్ వాహనాల చార్జింగ్ అని స్పష్టంగా ఉంది. వెళ్లి చూస్తే సెల్లార్‌లో వాటర్ మోటారు పక్కన ఒక పదిహేను ఆంప్స్ ప్లగ్ పాయింట్ ఉన్నది. అదీ తప్పు కాదు, రాత్రంతా ఉంచితే మాకు చాలు. కానీ ఆ ప్లగ్‌కు ఎర్తింగ్ లేదు. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో వచ్చే చార్జర్ ఎర్రదీపం వెలిగించి ఊరుకుంటుంది, అది మన ప్రాణరక్షణ కోసమే కాబట్టి దానితో వాదించి లాభం లేదు. వాచ్‌మన్ పాపం ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి ఇస్తానన్నాడు గాని, గంటల తరబడి పన్నెండు, పదమూడు ఆంపియర్లు ప్రవహించే పనికి మామూలు ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే కాలిపోయే ప్రమాదం ఉంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఇడ్లీ మెత్తగా ఉంది, బెంజి సర్కిల్‌కు దగ్గర. విద్యుత్ కారు లేనివారికి ఆ హోటల్‌ను నిరభ్యంతరంగా సిఫారసు చేస్తాను.

దాని ఫలితం మరునాటి ఉదయం అనుభవించాము. ఊళ్లోని 30 కిలోవాట్ల యంత్రం దగ్గర 35 నిమిషాలు వరసలో ఉండి, మరో 40 నిమిషాలు ఎక్కించుకుని, 80 శాతంతో బయలుదేరాము. రాజమహేంద్రవరం చేరేసరికి మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతున్నది. 42 డిగ్రీల ఎండలో 155 కిలోమీటర్లు వేగంగా నడిపిన కారును 15 శాతం దగ్గర ఆపి యంత్రానికి తగిలిస్తే, ముప్పై కిలోవాట్లు చూపవలసిన తెర ఇరవై రెండు చూపింది. బ్యాటరీ వేడెక్కితే కారు తనంతట తాను కరెంటు తగ్గించుకుంటుంది. నీడ లేకుండా ఎండలో నిలబడ్డ యంత్రం కూడా వేడికి తన సామర్థ్యాన్ని తగ్గించుకుంటుంది. ఇద్దరిలో తప్పెవరిదో మాకు తెలియలేదు గాని, మూల్యం మాత్రం మేమే చెల్లించాము. పైగా కారులోనే ఏసీ వేసుకుని కూర్చున్నాము. దానికి గంటకు ఒకటి, రెండు యూనిట్లు పోతాయి. 90 శాతం చేరేసరికి గంటా ముప్పై ఐదు నిమిషాలు అయింది.

అన్నవరంలో సత్యదేవుని దర్శనం చేసుకుని, అడ్డాకులో ప్రసాదం కట్టించుకుని, ఈలోగా కారుకు కూడా కొంత ఎక్కించుకుందామనుకున్నాము. యాప్‌లో ఆ దగ్గరలోని కేంద్రం పచ్చగా, ఖాళీగా ఉన్నట్టు కనబడింది. వెళ్లి గన్ తగిలిస్తే యంత్రం పలకలేదు. యాప్ మూసి తెరిచి, వాలెట్‌లో మరికొంత డబ్బు వేసి, సహాయ కేంద్రానికి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాక, అది రెండు రోజులుగా పనిచేయడం లేదని పక్క కొట్టువారు చెప్పారు. ఆ మాట ముందే వారిని అడిగి ఉంటే సరిపోయేది. అక్కడి నుంచి విశాఖకు దాదాపు 120 కిలోమీటర్లు, బ్యాటరీలో 59 శాతం. వేగం 80కి తగ్గించుకుని, లారీల వెనకాలే వెళ్లి, 17 శాతంతో విశాఖ చేరాము.

నెమ్మదిగా నడిపితే చార్జింగ్ సమయం కలిసి వస్తుందని చాలామంది సలహా ఇస్తారు. ఇందులో సగమే నిజం ఉన్నది. విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు అనుకుంటే, 100 వేగంలో మా కారుకు 58 యూనిట్లు, 80 వేగంలో 47 యూనిట్లు కావాలి. మిగిలే 11 యూనిట్లు మంచి యంత్రం మీద 18 నిమిషాల పని. కానీ నెమ్మదిగా నడిపినందుకు దారిలో 50 నిమిషాలు అదనంగా పడుతుంది. కాబట్టి పనిచేసే వేగవంతమైన యంత్రం ముందున్నప్పుడు చట్టం అనుమతించిన వేగంలో వెళ్లడమే లాభం. వేగం తగ్గించడం వల్ల ఒక మజిలీ పూర్తిగా తప్పిపోయేటప్పుడో, మాకు అన్నవరంలో జరిగినట్టు వేరే దిక్కు లేనప్పుడో మాత్రమే ఆ సలహా పనికి వస్తుంది.

విశాఖలో మా పెదనాన్నగారి ఇంట్లో దిగాము. గీజరు కోసం వేయించిన పదిహేను ఆంప్స్ ప్లగ్‌కు రాత్రి ఎనిమిదికి తగిలిస్తే మరునాటి ఉదయం ఎనిమిదిన్నరకు నిండింది. పన్నెండున్నర గంటలు! కాగితం మీద ఇదే ఈ ప్రయాణమంతటిలో అతి నెమ్మది చార్జింగ్. కానీ మాకు పట్టిన సమయం ప్లగ్ పెట్టడానికి ఒక నిమిషం, తీయడానికి ఒక నిమిషం. నా దృష్టిలో ఇంతకన్నా వేగవంతమైన చార్జింగ్ లేదు.

అరకు ప్రయాణం 115 కిలోమీటర్లే అయినా, సముద్రమట్టం నుంచి దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,700 కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికే నాలుగు యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. అనంతగిరి మలుపులు, కాఫీ తోటలు, బొర్రా గుహలు చూసుకుంటూ వెళ్లి 45 శాతంతో చేరాము. మేము దిగిన కాటేజీ యజమాని మీటరు చూసి యూనిట్ల లెక్కన డబ్బు తీసుకుంటానని ముందే ఒప్పుకున్నారు, ఎర్తింగ్ కూడా బాగుంది. అయితే సాయంత్రం పూట లో వోల్టేజీ వల్ల చార్జింగ్ మూడుసార్లు ఆగిపోయింది. రాత్రి పదకొండు దాటాక, ఊరు నిద్రపోయాక, నిలకడగా ఎక్కింది. తెల్లవారేసరికి 82 శాతం. అది నిండలేదని మొదట బాధపడ్డాను గాని, ఘాట్ దిగేటప్పుడు అదే మంచిదయింది. బ్యాటరీ నిండుగా ఉంటే కారు దిగుడులో చక్రాల తిరుగుడుతో తయారు చేసే విద్యుత్తును దాచుకోవడానికి చోటుండదు, అప్పుడు భారమంతా బ్రేకుల మీద పడుతుంది. చోటు ఉంది కాబట్టి ఎక్కడానికి పెట్టిన ఖర్చులో సగానికి పైగా తిరిగి వచ్చింది. కొండల మీద బస చేసేవారు బొంగులో చికెన్ ఎంతైనా తినవచ్చు గాని, కారుకు మాత్రం 80 శాతం దగ్గర ఆపెయ్యాలి.

తిరుగు ప్రయాణానికి ముందు విశాఖలో కూర్చుని నేను చేసిన పనల్లా ఆరు ఫోన్లు. చార్జింగ్ కేంద్రాలున్న మూడు హోటళ్లకు చేసి, ఈరోజు ఎవరైనా చార్జింగ్ చేసుకుని వెళ్లారా అని అడిగాను. యంత్రం పనిచేస్తుందా అని అడిగితే అందరూ అవుననే అంటారు. మిగతా మూడు విజయవాడ హోటళ్లకు చేసి, ప్లగ్‌కు ఎర్తింగ్ ఉందా, ఆ స్థలంలో వేరే కార్లు నిలపకుండా చూస్తారా, చార్జింగ్ మొదలుపెట్టడానికి సెల్లార్‌లో ఫోన్ సిగ్నల్ అందుతుందా అని అడిగాను. ఒక హోటల్ వారు తమ దగ్గర గోడకు బిగించిన 7 కిలోవాట్ల చార్జర్ ఉన్నదని, పేరు చెప్తే మాకోసం ఉంచుతామని అన్నారు. గది అద్దె మునుపటి హోటల్ కంటే 400 రూపాయలు ఎక్కువ. వెంటనే ఒప్పుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి నిండు బ్యాటరీతో బయలుదేరి, మధ్యలో ఎక్కడా ఆశపడకుండా 195 కిలోమీటర్లు నడిపి, 19 శాతంతో రాజమహేంద్రవరం చేరాము. ఈసారి వేరే కేంద్రం. రేకుల షెడ్డు నీడలో ఉన్న 60 కిలోవాట్ల యంత్రం, రెండో గన్ ఖాళీ. మాకు 38 కిలోవాట్లు అందాయి. బోర్డు మీద 60 ఉన్నా 38 ఎందుకంటే, మా బ్యాటరీ 320 వోల్టుల స్థాయిది, యంత్రం గన్ 125 ఆంపియర్లకు మించి ఇవ్వదు, రెంటినీ గుణిస్తే 40 కిలోవాట్లే. బోర్డు మీది అంకె ఎక్కువ వోల్టేజీ ఉన్న పెద్ద కార్లకు చెల్లుతుంది. ఆ అంకె చూసి మావంటి కారు ఉన్నవారు పెద్ద యంత్రం కోసం దారి మళ్లనక్కరలేదు, ఖాళీగా ఉన్న 60 చాలు. నలుగురం పెసరట్టు తిని కాఫీ తాగేసరికి 36 నిమిషాలలో 75 శాతం అయింది. మధ్యాహ్నానికి 10 శాతంతో విజయవాడ చేరి, హోటల్ గోడ చార్జర్‌కు తగిలించి, భోజనం చేసి నిద్రపోయాము. సాయంత్రం అమ్మవారి దర్శనానికి వెళ్లే వేళకు కారు నిండింది.

ఖర్చు విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. రహదారి మీద యూనిట్‌కు 18 నుంచి 24 రూపాయల వరకు పడింది, ఇంటి దగ్గర పడేది అందులో సగానికి అటూ ఇటూ. నాలుగు సంస్థల యాప్‌లలో నాలుగు వాలెట్లు తెరవవలసి రావడం, ప్రతిదానిలో యాభై, వంద మిగిలిపోవడం మాత్రం చికాకు. ఇంకొక ఇబ్బంది రోడ్డు మధ్య డివైడర్. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 మార్గదర్శకాలు రహదారికి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలన్నాయి. కానీ మ్యాపులో దగ్గరగా కనబడే కేంద్రం అవతలి వైపు ఉంటే, యూటర్న్ కోసం ముందుకు పోయి, మళ్లీ వెనక్కు వచ్చి, తిరిగి మన వైపు చేరేసరికి పది నిమిషాలు సులువుగా పోతాయి. బయలుదేరే ముందు ఆ కేంద్రం ఏ వైపున ఉందో చూసుకోవాలి.

మరునాడు విజయవాడ నుంచి సూర్యాపేటను దాటేసి, చిట్యాల దగ్గర 19 శాతంతో ఆగాము. అక్కడి నుంచి ఇంటికి 75 కిలోమీటర్లు, అంటే 31 శాతం చాలు. 60 శాతం రాగానే, 29 నిమిషాల దగ్గర, గన్ తీసి పెట్టేశాను. వెనక వేచి ఉన్న కారాయన దిగి వచ్చి, "అప్పుడే తీసేశారేమిటండీ, ఇంకా నలభై ఖాళీ ఉందిగా" అన్నారు. ఇల్లు దగ్గరేనని చెప్పాను. ఆయన తన కారు తగిలించుకుంటుండగా తెర మీద చూశాను, 71 శాతం. విజయవాడ వెళ్తున్నారట, నిండుగా ఎక్కించుకుని వెళ్దామని ఆగారట.