పాప మూతి చుట్టూ ఎర్ర వలయం: ఏడాదిన్నర పెట్రోలియం జెల్లీ వాడాక

ముందే చెప్పేస్తాను, ఇది ఏదో కొత్త క్రీము గురించి కాదు. రంగు, వాసన, రుచి ఏమీ లేని మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ గురించి. మా పాపకి ఏడాదిన్నరగా వాడుతున్నాం, ఇప్పుడు పదకొండో ట్యూబు నడుస్తోంది. ఇంత మామూలు వస్తువుకి ఇంత పొడుగు సమీక్ష ఎందుకంటే, మొదటి రెండు నెలలు దీన్ని తప్పుగా వాడి, "ఇది పనిచెయ్యడం లేదు" అని అల్మారాలో పడేసిన ఘనత మాది.

పాపకి అప్పుడు ఏడేళ్లు. చలికాలం మొదట్లో పెదాలు కాస్త ఎండితే నాలుకతో తడుపుకోవడం మొదలుపెట్టింది. పిల్లలన్నాక చేస్తారు కదా అనుకున్నాం. మూడు వారాలు తిరిగేసరికి కింది పెదవి కింద నెలవంకలా ఎర్రగా లేచింది. తర్వాత అది పైకి పాకి మూతి చుట్టూ పూర్తి వలయం అయింది. చర్మం గరుకుగా తయారై పొట్టు లేచేది. నవ్వితే చిట్లి రక్తం వచ్చేది. పులుపు తగిలితే కళ్ల నీళ్లే. బడిలో ఎవరో "నీ లిప్‌స్టిక్ పక్కకి పోయింది" అన్నారట. అప్పట్నుంచి ఫోటో తీస్తామంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మొదట మేం చేసిన తెలివితక్కువ పని, పండ్ల రుచి ఉన్న లిప్ బామ్ కొనడం. తియ్యటి వాసన వస్తుంటే ఏ పిల్లైనా నాకకుండా ఉంటుందా? రాసిన రెండు నిమిషాలకే ఖాళీ. తర్వాత చల్లగా అనిపించే మెంథాల్ బామ్ తెచ్చాం. పగిలిన చర్మం మీద అది ముందు చల్లగా ఉంది, వెంటనే మంట. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్లంతా రాసుకునే లోషన్ రాస్తే అదీ మండింది. ఇలాంటి వాటిలో నీళ్లు, సువాసనలు, నిల్వ ఉండటానికి కలిపే పదార్థాలు ఉంటాయి, చిట్లిన చోట అవి చురుక్కుమంటాయని తర్వాత తెలిసింది.

చర్మ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ మందు రాయకముందు ఒక పని చేయించారు. "నాలుక బయటపెట్టి నోటి చుట్టూ తిప్పి చూపించు బంగారం" అన్నారు. నాలుక ఎంత మేర అందిందో సరిగ్గా అంత మేరే ఎరుపు, పెన్సిల్‌తో గీసినట్టు. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండు నెలలుగా ఏ తిండి పడలేదో, ఏ సబ్బు పడలేదో అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాం మరి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. పెదాల మీద చెమట గ్రంథులు ఉండవు, నూనె గ్రంథులు దాదాపు లేనట్టే. పైపొర కూడా చాలా పల్చన. ఉమ్మి తగిలితే క్షణం హాయిగా ఉంటుంది. అది ఆరేటప్పుడు చర్మంలోని తేమ కూడా పోయి పెదవి ఇంకా ఎండుతుంది. పైగా ఉమ్మి ఉన్నది తిండిని అరిగించడానికి. అందులోని ఎంజైములు రోజంతా చర్మం మీద ఉంటే చర్మం ఒరుసుకుపోతుంది. ఎండింది కాబట్టి నాకుతుంది, నాకింది కాబట్టి ఎండుతుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి.

ఇంకో మాట కూడా అన్నారు, ఇది అందరికీ తెలియాలి. నోటి చుట్టూ వచ్చే ఎరుపంతా ఒకటి కాదు. నాకడం వల్ల వచ్చేది పెదవి అంచుని ఆనుకునే ఉంటుంది. పెదవి అంచు వెంట సన్నటి గీతంత చర్మం మామూలుగా మిగిలి, దాని అవతల చిన్న చిన్న పొక్కులు వస్తే అది వేరే జబ్బు కావచ్చు. దానికి స్టెరాయిడ్ క్రీము రాస్తే మొదట తగ్గినట్టే ఉండి తర్వాత ముదురుతుంది. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకుని మూతికి రాయొద్దన్నారు. మా పాపకి ఆవిడే 1 శాతం హైడ్రోకార్టిసోన్ (ఇదీ స్టెరాయిడే, కాకపోతే తేలికపాటిది) ఐదు రోజులకి రాసి, ఆరో రోజు ఆపమన్నారు. ఆ తర్వాతంతా జెల్లీయే.

"జెల్లీ ఆల్రెడీ వాడాం డాక్టర్, తగ్గలేదు" అన్నాను. "రోజుకి ఎన్నిసార్లు?" అని అడిగారు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఆవిడ నవ్వేశారు.

అక్కడే మేం పొరబడ్డాం. జెల్లీని మందులా పూటకోసారి రాస్తూ వచ్చాం. నిజానికి దాని పని రెయిన్‌కోటు పని. తడిశాక తొడుక్కుంటే లాభం లేదు. ఉమ్మి చర్మానికి తగలకముందే అడ్డుగా ఉండాలి, చెరిగిపోయిన ప్రతిసారీ మళ్లీ రావాలి. డాక్టర్ గారి మాట విన్నాక రోజుకి ఎనిమిది నుంచి పదిసార్లు రాశాం. ముఖ్యంగా తినబోయే ముందు. అది నాకు అస్సలు తట్టని సంగతి. తిన్నాక గోరువెచ్చని నీళ్లతో అద్ది (సబ్బు లేదు, తడి వైప్స్ అసలే లేవు), చర్మం కొంచెం తడిగా ఉండగానే మళ్లీ పూత. జెల్లీ తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు, అంతే. రాత్రి పడుకునే ముందు మందంగా. పెదాలకే కాదు, ఎర్రగా ఉన్నంత మేరా, దానికి ఒక వేలెడు అవతల దాకా. టూత్‌పేస్టు కూడా ఘాటు పుదీనా రుచిది మానేసి సాదాది తెచ్చాం.

నాలుగో రోజుకి మంట పోయింది. పది రోజులకి చీలికలు పూడాయి. మూడు వారాలకి చెయ్యి పెట్టి చూస్తే నున్నగా ఉంది. ఇంత త్వరగా తగ్గుతుందని నేను అనుకోలేదు.

కానీ ఎరుపు పోయిన చోట గోధుమరంగు వలయం మిగిలింది. మనలాంటి చామనఛాయ చర్మంలో వాపు తగ్గాక రంగు ఇలా నిలిచిపోవడం మామూలే, అది మచ్చ కాదు, గాయమూ కాదు. ఈ విషయం ముందే తెలియకపోతే "ఇంకా తగ్గలేదు" అని మళ్లీ క్రీముల వెంట పడతాం. నేనూ పడబోయాను. తెల్లబరిచే క్రీము రాయమని ఇద్దరు, నలుగుపెట్టి రుద్దమని ఒకరు చెప్పారు. రుద్దితే మళ్లీ మొదటికొస్తుంది. ఏమీ చెయ్యకుండా జెల్లీ రాస్తూ, ఎండలోకి వెళ్తే టోపీ పెట్టి ఊరుకున్నాం. మాసిపోవడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలు నాకున్న టెన్షన్‌లో సగం కూడా పాపకి లేదు.

ఇక అలవాటు సంగతి. జెల్లీ చర్మాన్ని బాగుచేసింది, అలవాటుని మాన్పలేదు. ఒక సాయంత్రం ఊరికే లెక్కపెట్టాను, "నాకకు" అని పదిహేడుసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ తను వెంటనే నాకింది. పాపం తనకి తెలిసి చేస్తేగా! స్టిక్కర్ల చార్టు పెట్టాం, రెండు వారాలకే తలగడలో మొహం పెట్టి దొంగచాటుగా నాకడం నేర్చుకుంది. గోళ్లకి రాసే చేదు మందు పెదాలకి రాయమని ఎవరో చెబితే, పగిలిన చర్మం మీద అదొక్కటే తక్కువ అని ఊరుకున్నాను.

పనిచేసింది వేరే. గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం లాంటి వాటికి 1973లో అజ్రిన్, నన్ అనే సైకాలజిస్టులు ప్రచురించిన పద్ధతి ఒకటుంది. అలవాటు ఎప్పుడు వస్తోందో పిల్లలే గమనించేలా చెయ్యడం, ఆ క్షణానికి దాని బదులు చెయ్యడానికి వేరే పని ఇవ్వడం. మేం చూస్తే హోంవర్క్ లెక్కలప్పుడు, టీవీ ముందు, కోపం వచ్చినప్పుడు ఎక్కువ. ఆటల్లో దాదాపు లేదు. "నాకకు" అన్న మాట ఇంట్లో పూర్తిగా మానేశాం. దాని బదులు నేను నా చెవి పట్టుకుంటాను, అది మా ఇద్దరి రహస్యం. అప్పుడు తను పెదాలు రెండూ గట్టిగా మూసి ఐదు లెక్కపెట్టాలి, లేదా జేబులోని చిన్న ట్యూబు తీసి తనే రాసుకోవాలి. నాలుక్కి జెల్లీ తగిలితే "ఓ, నాకాను" అని తనకే తెలుస్తుంది, అదీ ఒక లాభం. రెండు నెలల్లో బాగా తగ్గింది.

నాకితే కడుపులోకి పోదా అని మా అత్తగారికి బెంగ. పెదాల మీది కొంచెం పోతే ఏం కాదన్నారు డాక్టర్ గారు. వాసెలిన్‌కి 1872లో పేటెంట్ తీసుకున్న రాబర్ట్ చీస్‌బ్రో రోజూ ఒక చెంచా తినేవాడని చెబుతారు. అత్తయ్యకి ఆ కథ చెప్పాను. ఆవిడ బెంగ తగ్గలేదు గానీ ఆయన మీద జాలి కలిగింది.

జెల్లీ మీద ఫిర్యాదులు లేకపోలేదు. జిగురు. జుట్టు మూతికి అంటుకుంటుంది, తలగడ గలీబుల మీద జిడ్డు మరకలు పోవు, లెక్కల పుస్తకం పేజీలు అద్దాల్లా మెరుస్తాయి. వేడికి కరిగి కారుతుంది. డబ్బా అయితే అందరి వేళ్లూ అందులోకే, అందుకే ట్యూబు కొనండి. రాత్రిపూట దీని బదులు జింక్ ఆక్సైడ్ పూత వాడి చూశాం. ఇంకా గట్టిగా నిలుస్తుంది, కానీ తెల్లగా సున్నం కొట్టినట్టుంటుంది కాబట్టి పగలు పాప ఒప్పుకోదు. ఇంకోటి, ఇన్‌ఫెక్షన్‌కి జెల్లీ మందు కాదు. తేనె రంగు చెక్కు కట్టినా, చీము పట్టినా డాక్టర్‌కి చూపించాల్సిందే. మాకు ఒకసారి నోటి మూలలు మాత్రమే చీలి ఎంతకీ మానలేదు. అది ఫంగస్ అని తేలి వేరే మందు పడింది.

ఈ ఏడాదిన్నరలో రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ జలుబే కారణం. ముక్కు మూసుకుపోతే నోటితో ఊపిరి, పెదాలు ఎండుతాయి, నాలుక బయటికొస్తుంది. ఎరుపు కంటే ముందు కింది పెదవి కింద తడి మెరుపు కనబడుతుంది. అది చూసిన రోజే మళ్లీ పదిసార్ల లెక్క మొదలుపెడితే వారంలో సర్దుకుంది.

ఇప్పుడు రోజుకి రెండుసార్లే. నిన్న రాత్రి హోంవర్క్ చేసుకుంటుంటే కింది పెదవి కింద ఆ మెరుపు కనబడింది. గుండె గుభేలుమని చెవి పట్టుకున్నాను. తను తలెత్తి చూసి, "అమ్మా, అది జెల్లీ" అని మళ్లీ లెక్కల్లో పడింది.