దంపతులిద్దరూ రావాలట!

ఆ ఫోను మీకూ వచ్చే ఉంటుంది. ‘కంగ్రాచులేషన్స్ సార్, మీ నంబరు సెలక్ట్ అయింది, మూడు పగళ్లు రెండు రాత్రులు రిసార్టులో ఫ్రీ, మా ప్రజెంటేషన్‌కి ఒక్క గంటన్నర వచ్చి కూర్చుంటే చాలు.’ కాబట్టి టైమ్‌షేర్ గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పను. ముందే సభ్యత్వానికి డబ్బు కట్టి, ఏటా కొన్ని రాత్రులు రిసార్టులో ఉండే హక్కు కొనుక్కోవడం, అంతే. 2018 నుంచి ఇలాంటి ప్రజెంటేషన్లు మూడింటికి వెళ్లాను. బరంపురంలో మాది చిన్న బట్టల కొట్టు. ఈ ఏడేళ్లలో వాళ్లు పెట్టిన షరతులన్నీ మరిచిపోయాను గానీ ఒక్కటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దంపతులిద్దరూ రావాలి.

మొదట్లో ఆ షరతు నాకు ముచ్చటగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఆడవాళ్ల మాటకీ విలువ ఇస్తున్నారు కదా అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ‘ఇంటికెళ్లి మా ఆవిడని అడిగి చెప్తా’ అనేది మనకున్న ఒకే ఒక్క దొడ్డిదారి. ఆవిడ పక్కనే కూర్చుని ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

2018లో మా ఊళ్లోనే ఒక హోటల్ హాల్లో పెట్టారు. గంటన్నర అన్నది రెండుంపావు గంటలైంది. వద్దన్నాం. మొహం చిట్లించినా వోచర్ చేతిలో పెట్టారు. 1,999 కట్టి పూరీలో రెండు రాత్రులు ఉన్నాం. గదిలోనే వంటిల్లు. మా ఆవిడ చారు పెట్టి, ఇంటి నుంచి పట్టుకెళ్లిన అప్పడాలు వేయించింది. బాల్కనీలో కూర్చుని తిన్నాం. ఆ ఏడాదంతా కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ ఈ కథే. నా మాట మీద రెండు కుటుంబాలు వెళ్లి కూర్చున్నాయి కూడా.

మొన్న పాత బిల్లులు సర్దుతుంటే ఆ కాగితాలు దొరికాయి. యుటిలిటీ ఛార్జీలని రోజుకు 800 తీసుకున్నారు. టిఫిన్లు విడిగా. ఉండనిచ్చింది ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం దాకానే, అంటే రిసార్టు ఎలాగూ ఖాళీగా ఉండే రోజులు. అన్నీ కలిపితే 5,200 దాటింది. ఆ రోజుల్లో అదే పూరీలో ఆ డబ్బుకి మంచి లాడ్జి గదే దొరికేది. వంటిల్లు బాగుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రెండోది 2022లో, విశాఖలో. గోవా వోచర్ ఇచ్చారు. నలభై అయిదు రోజుల ముందు మూడు తేదీలు మనం రాసివ్వాలి, అందులో ఏది ఖాళీ ఉంటే అది వాళ్లిస్తారు. దసరా లేదు, డిసెంబరు లేదు, సంక్రాంతి లేదు. చివరికి వాళ్లకు కుదిరిన తేదీలు సరిగ్గా మా ఊరి బుఢీ ఠాకురాణి యాత్రలో పడ్డాయి. అది అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి. ఆ రోజుల్లో కొట్టు మూసి గోవా వెళ్లేవాడు బరంపురంలో వ్యాపారం చేయడు. వోచర్ గడువు తీరిపోయింది. దాని గురించి అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

మూడోది 2024లో, భువనేశ్వర్‌లో. ఇదే అసలు కథ.

హాలు నిండా గుండ్రటి బల్లలు, చెవులు చిల్లులు పడే పాటలు. ఏ బల్ల దగ్గరో ఎవరో సంతకం పెడితే అందరూ లేచి చప్పట్లు. మొదట ఒకమ్మాయి వచ్చి ముప్పావు గంట హిందీలో చెప్పింది. మేం వచ్చీరాని ఒడియాలో, హిందీలో తప్పించుకుంటూ, మధ్యలో ‘ఇంకెంతసేపండీ?’ ‘వోచర్ ఇచ్చేదాకా కూర్చోవాలి కదా’ అని తెలుగులో అనుకుంటున్నాం. ఆ అమ్మాయి లేచి వెళ్లింది. రెండు నిమిషాల్లో ఒక కుర్రాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మాది పర్లాకిమిడి, బావగారూ. అక్కా, టీ తాగేరా?”

పరాయి భాషలో వద్దనడం తేలిక. బావగారూ అని పిలిచినవాడికి ‘వద్దు’ అని మొహం మీద ఎలా చెప్తాం? వాడు ధరల జోలికి పోలేదు. మేం నింపిన ఫారంలో ఇదివరకు రెండు వోచర్లు తీసుకున్నామని రాసి ఉంది. దాని మీద వేలు పెట్టి, నా వైపు చూడకుండా మా ఆవిణ్ని అడిగాడు.

“అక్కా, ఏటనుకోకు గానీ, ఇలాటి వోచర్ ఏటీ లేకండా బావగారు తనంతట తాను నిన్ను ఊరు తీసికెళ్లింది ఎప్పుడు?”

తను వెంటనే జవాబు చెప్పలేదు. టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి, “తిరుపతి. పాప పుట్టువెంట్రుకలకి” అంది.

పాప ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు.

నాకు తల ఎత్తాలనిపించలేదు. అంతకుముందు 4,80,000 అన్న ధర మేనేజర్ వచ్చాక 3,90,000 అయింది, ఇంకో పావుగంటకి 3,10,000కి దిగింది, ‘ఈ రోజుకు మాత్రమే’. ఇరవై అయిదేళ్ల సభ్యత్వం, ఏడాదికి ఏడు రాత్రులు. నేను జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టేశాను. ఆ క్షణంలో అది రిసార్టు కోసం పెట్టిన కార్డు కాదు, ఆ తిరుపతి మాటకి కట్టిన జరిమానా.

అప్పుడు మా ఆవిడ అడిగింది. “ఏటా కట్టేది ఎంత బాబూ?”

తను ఇంటి దగ్గర అప్పడాలు, వడియాలు ఆర్డర్ల మీద చేసి ఇస్తుంది. చీటీల లెక్క కూడా తనదే. మెయింటెనెన్స్ 14,000, దాని మీద 18 శాతం జీఎస్టీ అన్నాడు కుర్రాడు. వాళ్లిచ్చిన రంగుల పుస్తకం వెనక అట్ట మీద, వాళ్ల పెన్నుతోనే, 16,520 వేసి ఇరవై అయిదుతో గుణించింది. 4,13,000.

“సభ్యత్వం మూడు లక్షల పదివేలు. దాన్ని వాడుకోవడానికి నాలుగు లక్షల పదమూడు వేలా? ఇది ఏటా పెరగదా?”

“కొంచెం పెరుగుతాది అక్కా.”

“కొంచెం అంటే?”

వాడు మేనేజర్ వైపు చూశాడు.

“మేం వెళ్లలేని ఏడు కూడా కట్టాలా?”

“కట్టాలి మేడమ్” అన్నాడు మేనేజర్. అక్క మళ్లీ మేడమ్ అయిపోయింది. తను రెండూ కూడి, 7,23,000ని మళ్లీ ఇరవై అయిదేళ్లకీ, ఏడు రాత్రులకీ పంచింది. ఒక్క ఏడూ వదలకుండా వెళ్లినా, ఏటా ఏమీ పెరగకపోయినా, రాత్రికి 4,100 పైన పడుతోంది. భోజనం ఖర్చు, రైలు ఖర్చు దీనికి అదనం.

మేనేజర్ ఆ అట్ట వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగి నవ్వుతూ, “ఇంట్లో డెసిషన్స్ అన్నీ మేడమే తీసుకుంటారా సార్?” అన్నాడు.

అంతకుముందు ఆ కుర్రాడిచేత భార్య ముందు నన్ను చిన్నబుచ్చారు. అది పారకపోయేసరికి ఇప్పుడు భార్యని అడ్డం పెట్టి చిన్నబుచ్చుతున్నారు. ఇద్దరూ రావాలని ఎందుకంటారో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కార్డు జేబులో పెట్టుకుని లేచాను. లోపలికి వెళ్లిన నాలుగు గంటల తర్వాత బయటపడ్డాం.

రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. బాలుగావ్ దాటాక కిటికీ అవతల చిలికా చీకట్లో ఎక్కడో ఒక పడవ దీపం కనిపిస్తోంది. తను అటే చూస్తూ అంది. “ఆ పిల్లాడు అడిగింది మాత్రం తప్పేం కాదండీ.”

ఈ సంగతి అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుక్కి చెబితే నవ్వాడు. ఓర్లాండోలో థీమ్ పార్కు టికెట్లు తక్కువకిస్తామని వాణ్నీ ఇలాగే కూర్చోబెట్టారట. కాకపోతే ఫ్లోరిడా చట్టం ప్రకారం సంతకం పెట్టినా పది రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. మన దగ్గర టైమ్‌షేర్‌కంటూ విడిగా చట్టం లేదు. ఏదైనా తేడా వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, లేదా హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయాలి. మాకు చూపించిన ఒప్పందంలోనూ పది రోజుల గడువు ఉంది, ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో, ప్రాసెసింగ్ ఫీజు మినహాయించుకుంటామన్న వాక్యంతో సహా. అది కంపెనీ తనంతట తాను ఇచ్చినది కాబట్టి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉండొచ్చు. కార్డు ఇచ్చేముందు ఆ పేజీ మీరే వెతుక్కోవాలి, వాళ్లు చూపించరు.

మరి వెళ్లొచ్చా వద్దా? మా బావమరిది బ్యాంకులో రిటైరయ్యాడు. వారం మధ్యలో ఎక్కడికైనా వెళ్లగలడు. పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టినా వద్దనే మాట తప్ప ఇంకో మాట రాదు. ఇలాంటి వోచర్లు నాలుగు వాడాడు, హాయిగా ఉన్నాడు. భార్యాభర్తలిద్దరూ అలాంటివాళ్లయి, హాల్లోకి అడుగుపెట్టే ముందే కార్డులు ఇంట్లో వదిలేసి వస్తే (కార్డు తేవడం కూడా షరతే, ఆ మాట వేరే), పూరీ వోచర్ లాంటిది తప్పేం కాదు. కొట్టు ఒక్కరోజు మూస్తే ఆ రోజు వ్యాపారం పోయే నాలాంటివాడికి లెక్క వేరు. పైగా నా కష్టమేమిటంటే, వాళ్లు అడిగే ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. మీ దగ్గర ఉంటే మీ అనుభవం ఇంకోలా ఉండొచ్చు.

మొన్న జనవరిలో ఒడిశా కొండల్లోని దారింగ్‌బాడి వెళ్లొచ్చాం, మా డబ్బుతోనే. చలికి రెండోరోజే తిరిగొచ్చేశాం. గదిలో వేడినీళ్లు కూడా రాలేదు, దాని సమీక్ష రాస్తే ఇంతకన్నా ఘాటుగా ఉంటుంది.

పోయిన వారం మళ్లీ ఫోనొచ్చింది. నేను అన్నం తింటున్నానని తను ఎత్తింది. అవతలివాళ్లు చెప్పిందంతా ఓపిగ్గా వింది. దంపతులిద్దరూ రావాలి అన్న చోటికి రాగానే, నా కంచంలో చారు పోస్తూ, “మా ఆయన ఊళ్లో లేరమ్మా” అంది.